పటాన్‌చెరు వాగులో యాంటీబయాటిక్‌లు: కొనే కంపెనీల బాధ్యత ఎక్కడిదాకా?

పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం 1994లో ఏర్పడింది. చుట్టుపక్కల బల్క్ డ్రగ్ కంపెనీల వ్యర్థ జలాలను అక్కడికి చేర్చి శుద్ధి చేయాలన్నది ఏర్పాటు. ఇలాంటి కేంద్రాల్లో పని ఎలా సాగుతుందో కాస్త దగ్గరగా చూడాలి. ట్యాంకరు గేటు దగ్గర ఆగుతుంది. ఒక మనిషి పైకెక్కి, మూత తీసి, సీసాతో నీళ్లు ముంచుతాడు. ల్యాబులో ఆ నీళ్ల పీహెచ్ చూస్తారు. కరిగిన లవణాలెన్నో టీడీఎస్ కింద రాస్తారు. అందులోని మురికి విరగడానికి ఎంత ఆక్సిజన్ పడుతుందో సీవోడీ కింద రాస్తారు. ట్యాంకరును తీసుకోవాలా వెనక్కి పంపాలా, తీసుకుంటే కంపెనీ ఎంత కట్టాలి అన్నది ఆ అంకెలను బట్టి తేలుతుంది. ఆ నీళ్లలో మందు ఎంత మిగిలి ఉందో రాయడానికి మాత్రం ఆ ఫారంలో గడి ఉండదు.

ఆ గడిని తామే గీసుకుని నింపినవాళ్లు స్వీడన్ పరిశోధకులు. గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన యోఆకిమ్ లార్షన్ బృందం 2007లో ప్రచురించిన ఫలితాలను ఈ రంగంలో పనిచేసేవాళ్లు ఇప్పటికీ మొదట ప్రస్తావిస్తారు. సుమారు 90 కంపెనీల వ్యర్థాలను శుద్ధి చేసి బయటికి వదులుతున్న నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31,000 మైక్రోగ్రాముల దాకా తేలింది. సిప్రో మాత్ర వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదు కంటే అది ఎక్కువ. కేంద్రం రోజూ వదిలే 15 లక్షల లీటర్లతో హెచ్చిస్తే రోజుకు సుమారు 45 కిలోల సిప్రో వాగులో కలుస్తున్నట్టు లెక్క. అప్పట్లో స్వీడన్ దేశమంతా కలిపి ఐదు రోజులకు వాడే సిప్రో అది. గుర్తుంచుకోవలసింది ఇంకొకటుంది: ఇది శుద్ధికి ముందు తీసిన నమూనా కాదు, శుద్ధి అయ్యాక తీసింది.

రెండేళ్ల తర్వాత లార్షన్, మరికొందరు స్వీడన్ పరిశోధకులు అక్కడి చెరువుల మీద, బావుల మీద రాశారు. ఒక చెరువులో లీటరుకు 6.5 మిల్లీగ్రాముల దాకా సిప్రో, జలుబుకు వేసుకునే సెటిరిజిన్ 1.2 మిల్లీగ్రాముల దాకా దొరికాయి. పరీక్షించిన బావులన్నింటిలోనూ మందుల ఆనవాళ్లు ఉన్నాయి. శుద్ధి కేంద్రంలోని బాక్టీరియాను వేరుచేసి చూసి 2013లో ప్రచురించిన ఫలితాల్లో, పరీక్షించిన 39 యాంటీబయాటిక్‌లలో 20, అంతకు మించి మందులకు లొంగనివి 86 శాతం. అదే ప్రాంతంలోని కాజిపల్లి చెరువు బాక్టీరియాను జన్యు స్థాయిలో పరిశీలించి 2014లో ప్రచురించిన అధ్యయనంలో, స్వీడన్‌లోని ఒక చెరువుతో పోల్చినప్పుడు నిరోధక జన్యువులు సుమారు 7,000 రెట్లు ఎక్కువ. 2016 నవంబరులో జర్మనీలోని లైప్‌జిగ్ వైద్యులు హైదరాబాద్ చుట్టూ 28 చోట్ల నమూనాలు తీశారు. దాదాపు అన్నింటిలోనూ అనేక మందులకు లొంగని బాక్టీరియా ఉంది. ఒక మురుగుకాల్వలో ఫంగస్ మందు ఫ్లుకోనజోల్ లీటరుకు 2,36,950 మైక్రోగ్రాములు. ఒక మందు అవశేషం ఇంత గాఢంగా పర్యావరణంలో దొరకడమన్నది వైద్య సాహిత్యంలో అంతకు ముందు పెద్దగా లేని సంగతి.

పటాన్‌చెరు దగ్గరి నక్కవాగు పక్క ఊళ్లకు ఇందులో కొత్తేమీ లేదు. బోరునీళ్ల రంగు మారడం, పైరు పాడవడం, చెరువులో చేపలు తేలడం వాళ్లు 1980ల నుంచీ చూస్తున్నారు. పటాన్‌చెరులో వైద్యం చేస్తూ దశాబ్దాల పాటు ఈ పోరాటాన్ని మోసిన డాక్టర్ అల్లాని కిషన్‌రావు పేరు లేకుండా ఈ కథ చెప్పకూడదు. ఈ కాలుష్యం మీద 1990లో సుప్రీంకోర్టులో పడ్డ వ్యాజ్యం 2001లో రాష్ట్ర హైకోర్టుకు, తర్వాత హరిత ట్రిబ్యునల్‌కు బదిలీ అయింది. ఊళ్లవాళ్ల కళ్లకు కనిపించింది రంగు, వాసన, చచ్చిన చేప. స్వీడన్ బృందం తెచ్చింది కంటికి కనిపించని దాని అంకె. ఆ అంకెతోనే విషయం ఊరి సరిహద్దు దాటి, ఐరోపాలో ఆ మందులు కొనే కంపెనీల బోర్డు గదుల దాకా వెళ్లింది.

అక్కడికి వెళ్లాక ఏమైందన్నదే ఈ వ్యాసం ప్రశ్న. ప్రపంచ సరఫరా గొలుసులను పర్యావరణానికి హాని లేకుండా నడిపే శక్తి బహుళజాతి కంపెనీలకు ఉందని చాలామంది చెబుతారు. అది నిజమేనని నేనూ అనుకుంటున్నాను. కాకపోతే ఆ శక్తి కొలత పెట్టినంత మేరకే పనిచేస్తుంది, కొలత ఆగినచోట ఆగిపోతుంది. పటాన్‌చెరు ఆధారాలు నాకు చూపిస్తున్నది ఇదే.

ఆధారాలు చెప్పేది, చెప్పనిది

ముందు జాగ్రత్తలు చెప్పుకోవాలి. పైన చెప్పిన నమూనాల్లో ఎక్కువ భాగం ఒక రోజు, ఒక చోట ముంచినవి. ఫ్యాక్టరీలు ఒక మందును కొన్ని వారాలు చేసి, తర్వాత ఇంకోదానికి మారతాయి. కాబట్టి ఒక మంగళవారం దొరికిన గాఢత ఏడాది పొడుగునా ఉందని అనడానికి లేదు, లేదని అనడానికీ లేదు. లైప్‌జిగ్ బృందం వెంట జర్మన్ జర్నలిస్టులు ఉన్నారు. అందువల్ల ఫలితాల విలువ తగ్గదు గానీ, ఎక్కడ తీయాలన్న ఎంపిక మీద ప్రశ్నలు వస్తాయి. పైగా సిప్రో లాంటి ఫ్లోరోక్వినొలోన్‌లు వెలుతురుకు విరిగిపోయే మందులు. నమూనాను ముదురు రంగు సీసాలో పట్టి, మంచులో పెట్టి, వీలైనంత త్వరగా ల్యాబుకు చేర్చకపోతే అంకె అసలు కంటే తక్కువ వస్తుంది. అంటే లోపం రెండు వైపులా ఉండొచ్చు.

అన్నింటికంటే నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది 2014లో అదే స్వీడన్ బృందం ప్రచురించిన మరో అధ్యయనం. కలుషిత ఊళ్ల నీటినీ మట్టినీ, అక్కడి మనుషుల మలంలోని బాక్టీరియానూ, దూరంగా ఉన్న ఊళ్లవాళ్ల బాక్టీరియానూ పోల్చారు. వెతికింది క్వినొలోన్ మందులను తట్టుకునే జన్యువుల కోసం. వాగు అడుగు మట్టిలో మందు ఎక్కువున్న చోట ఆ జన్యువులూ ఎక్కువే. బావి నీటిలో, పొలం మట్టిలో మందు తక్కువ మోతాదులో ఉన్నచోట మాత్రం ఆ పొంతన కుదరలేదు. మనుషుల్లో అయితే, కలుషిత ఊళ్లవాళ్లలో ఆ జన్యువులు అదనంగా పెరిగాయనడానికి ఆధారం దొరకలేదు. పరీక్షించిన భారతీయుల్లో 91 శాతం మందిలో అవి అప్పటికే ఉన్నాయి. స్వీడన్‌వాళ్లలో 24 శాతం. మనిషి నుంచి మనిషికి పాకడమే ప్రధాన దారి అయి ఉండొచ్చని ఆ రచయితలే రాశారు.

ఈ ఫలితాన్ని దాచిపెట్టి రాసే వ్యాసాలు చాలా చూశాను. దాచడం తప్పు. 2019లో మందులకు లొంగని బాక్టీరియా కారణంగా ప్రపంచంలో 12.7 లక్షల మంది చనిపోయారని లాన్సెట్ పత్రికలో 2022లో వచ్చిన అంచనా. వాళ్లలో ఎంతమంది చావుకు ఫ్యాక్టరీ నీళ్లు కారణమని అడిగితే, అంకె చెప్పే స్థితిలో శాస్త్రం లేదు. ఆసుపత్రుల్లో, కోళ్ల ఫారాల్లో, మందుల షాపుల్లో మితిమీరిన వాడకం, మురుగునీటి పారుదల సరిగా లేకపోవడం పెద్ద కారణాలు. అయితే ఫ్యాక్టరీ వ్యర్థానికి ఒక ప్రత్యేకత ఉంది. మనిషి శరీరం గుండా వచ్చే మందు మురుగులో పలచబడి వస్తుంది. ఫ్యాక్టరీ నుంచి వచ్చేది రోగి రక్తంలోకంటే చిక్కగా రాగలదు. అంత చిక్కటి మందులో రకరకాల బాక్టీరియా కలిసి బతికే చోట, ఇప్పటిదాకా మనిషికి సోకే క్రిముల్లో లేని కొత్త నిరోధక జన్యువు ఒకటి బయటపడి చేతులు మారే అవకాశం ఉంటుంది. అలాంటిది ఒక్కసారి జరిగినా చాలు, తర్వాత అది విమానమెక్కి వెళ్తుంది. ఇది రుజువైన మరణాల లెక్క గురించిన మాట కాదు, ప్రమాదం గురించిన మాట. ఆ తేడా పాటిస్తూనే, ఆపగలిగిన ప్రమాదాన్ని ఆపాలని నేను గట్టిగా అంటాను. కోట్లమంది అలవాట్లు మార్చడం కంటే కొన్ని వందల పైపుల చివర కొలవడం తేలిక కాబట్టి.

గేటు లోపలి నీళ్లు

హైదరాబాద్ బల్క్ డ్రగ్ కంపెనీల్లో పనిచేసినవాళ్లకు ఎఫ్‌డీఏ తనిఖీ అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. అమెరికా నుంచి ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడంటే ప్లాంటంతా నిద్ర మానేస్తుంది. రికార్డులు, బ్యాచ్ కాగితాలు, ల్యాబు కంప్యూటర్లు, ముఖ్యంగా శుద్ధ జల వ్యవస్థ, అన్నీ చూస్తారు. మందులో కలిసే నీటి పైపుకు ఎక్కడ వంపు ఉంది, ఎక్కడ నీరు నిలుస్తుంది, ఎన్ని బాక్టీరియా పెరిగాయి, ఒక్కొక్కటీ అడుగుతారు. చిన్న లోపం దొరికినా ఎగుమతి ఆగిపోయే ప్రమాదం. ఆ భయం వల్ల మన కంపెనీలు ఎంత నేర్చుకున్నాయో, ఎంత మారాయో ఈ ఊరికి తెలుసు.

అదే ప్లాంటు నుంచి బయటికి పోయే నీళ్ల గురించి ఆ తనిఖీలో ప్రశ్న ఉండదు. ఎందుకంటే అది మందు నాణ్యత తనిఖీ, పర్యావరణ తనిఖీ కాదు. ఐరోపా తనిఖీదీ అదే హద్దు. కొనేవాడు గట్టిగా అడిగితే పటాన్‌చెరులో ఎంతటి క్రమశిక్షణ సాధ్యమో గేటు లోపలి నీళ్లు రుజువు చేస్తున్నాయి. అడగకపోతే ఏమవుతుందో గేటు బయటి నీళ్లు చూపిస్తున్నాయి. ఒకే ప్లాంటు, అవే చేతులు. కొనుగోలుదారుడి శక్తికి ఇంతకంటే మంచి ఆధారం నాకు కనిపించలేదు.

ఇక గొలుసు పొడవు సంగతి. జర్మనీలో అమ్మే మాత్ర మీద ఒక పేరున్న కంపెనీ ముద్ర ఉంటుంది. మాత్ర ఒత్తింది ఇంకొకరు కావచ్చు. అందులోని అసలు మందు బొల్లారంలోనో పరవాడలోనో తయారై ఉండొచ్చు. దాని ముడిసరుకు చైనా నుంచి వచ్చి ఉండొచ్చు. నీళ్లు ఎక్కువగా పాడయ్యేది గొలుసులో కింది మెట్ల దగ్గర. కొనే కంపెనీకి నేరుగా ఒప్పందం ఉండేది పై మెట్టుతో. వెరోనికా విలేనా, డెనిస్ జోయియా అనే మేనేజ్‌మెంట్ పరిశోధకులు 2020లో రాసిన వ్యాసంలో, పర్యావరణం విషయంలో ముందున్నాయని పేరున్న బహుళజాతి కంపెనీల సరఫరాదారుల దగ్గరికి మెట్టు మెట్టుగా వెళ్లి చూశారు. కొనేవాళ్లు పెట్టిన ప్రమాణాలను మొదటి మెట్టు సరఫరాదారులే కిందికి దించడం లేదని, కింది మెట్ల దగ్గర ఉల్లంఘనలు మామూలుగా ఉన్నాయని తేల్చారు. పటాన్‌చెరు ఆ అధ్యయనంలో లేదు. కానీ వర్ణన సరిగ్గా సరిపోతుంది.

దావోస్ నుంచి ధ్రువపత్రం దాకా

2016 ఈ కథలో మలుపు. ఆ ఏడాది ఉత్తర ఐరోపాకు చెందిన నార్డియా అనే ఆర్థిక సంస్థ చేయించిన నివేదిక హైదరాబాద్, విశాఖపట్నాల్లోని మందుల కాలుష్యాన్ని మదుపుదారుల ముందు పెట్టింది. తమ డబ్బు ఏ కంపెనీల్లో ఉందో, ఆ కంపెనీలు ఎక్కడ కొంటున్నాయో పెన్షన్ నిధుల నిర్వాహకులు అడగడం మొదలైంది. ఆ జనవరిలోనే దావోస్‌లో మందుల కంపెనీలు నిరోధకత మీద ఉమ్మడి ప్రకటన చేశాయి. సెప్టెంబరులో 13 కంపెనీలు ఒక కార్యప్రణాళిక మీద సంతకం చేశాయి. ఫైజర్, జీఎస్‌కే, నోవార్టిస్ లాంటి వాటితోపాటు మన సిప్లా కూడా అందులో ఉంది. సొంత ప్లాంట్లనూ సరఫరాదారుల ప్లాంట్లనూ సమీక్షిస్తామని, యాంటీబయాటిక్ వ్యర్థాలకు 2018కల్లా ఉమ్మడి పద్ధతి, 2020కల్లా శాస్త్రీయమైన హద్దులు పెడతామని, వాటిని పాటిస్తున్నట్టు బాహాటంగా చూపిస్తామని రాశాయి.

మొదటి మాటలు నిలబెట్టుకున్నారు. ఏఎంఆర్ (మందులకు క్రిములు లొంగకపోవడం) ఇండస్ట్రీ అలయన్స్ పేరుతో ఏర్పడిన సంఘం 2018లో ఉమ్మడి పద్ధతినీ, ఒక్కో యాంటీబయాటిక్‌కూ హద్దునూ ప్రచురించింది. గడువుకు రెండేళ్ల ముందే హద్దులు వచ్చాయి. 2022లో అది తయారీ ప్రమాణమైంది. 2023 నుంచి ఆ ప్రమాణం పాటిస్తున్న ప్లాంట్లకు, ఒక్కో మందుకు విడిగా, బ్రిటిష్ స్టాండర్డ్స్ ఇన్‌స్టిట్యూషన్ ధ్రువపత్రం ఇస్తోంది. ఏ ప్రభుత్వమూ చేయని పనిని కంపెనీలు ముందుకొచ్చి చేశాయి. దీన్ని తక్కువ చేసి మాట్లాడడం న్యాయం కాదు.

ఆ హద్దు ఎంత కఠినమైనదో మనకు తెలిసిన కొలతల్లో చూద్దాం. సిప్రోకు శాస్త్రవేత్తలు సూచించిన సురక్షిత హద్దు లీటరు నీటికి 0.064 మైక్రోగ్రాములు. 2007లో దొరికిన 31,000ను ఆ హద్దుకు దించాలంటే నీళ్లు దాదాపు 4,84,000 రెట్లు కలపాలి. రోజుకు 15 లక్షల లీటర్లను అన్ని రెట్లు పలచన చేయడానికి కావలసిన ప్రవాహం, నేను వేసిన లెక్క ప్రకారం, సుమారు 3 లక్షల క్యూసెక్కులు. వానాకాలంలో గోదావరి బాగా పారుతున్నప్పటి నీరు అది. పటాన్‌చెరు పక్కన ఉన్నది ఒక వాగు. మన దగ్గర పలచన మీద ఆధారపడే ఏ ప్రమాణమూ వేసవిలో నిలవదని చెప్పడానికి ఈ ఒక్క లెక్క చాలు.

ఇక్కడే నాకు అనుమానాలు మొదలవుతాయి. పరిశ్రమ ప్రమాణం హద్దును చూసేది నీళ్లు వాగులోనో నదిలోనో కలిసిన చోట. అక్కడి గాఢతను తేల్చడానికి పదార్థ లెక్కను కూడా ఒప్పుకుంటుంది. ఎంత సరుకు వేశాం, ఎంత మందు చేతికొచ్చింది, మిగతాదాంట్లో ఎంత శుద్ధిలో పోయింది, ఎంత నీళ్లలోకి వెళ్లింది అని కాగితం మీద కూడికలు తీసివేతలు చేయడమే ఆ పద్ధతి. నిజాయతీగా చేసినా ఇది ఎంత పొరపాటుకు చోటిస్తుందో చూడండి. ఒక ప్లాంటు టన్ను సిప్రో చేసిందనుకుందాం. లెక్కలో ఒక్క శాతం తేడా వచ్చిందనుకుందాం. అంటే 10 కిలోలు. అది విరగకుండా నీళ్లలో చేరితే, 0.064 హద్దుకు దించడానికి సుమారు 5.5 టీఎంసీల నీళ్లు కావాలి. నిండిన గండిపేట చెరువులో ఉండేది 3.9 టీఎంసీలు. తూకంలో ఒక శాతం పొరపాటు ఒక గండిపేటను మించిపోతుంటే, కాగితం లెక్క ఒక్కదాన్నే నమ్ముకోవడం ఎలా? నీళ్లు ముంచి, మాస్ స్పెక్ట్రోమీటర్‌లో చూడాలి. అందుకు ఖర్చవుతుంది, నిపుణులు కావాలి. కాలుష్య నియంత్రణ మండలి సర్వర్లకు కలిపిన ఆన్‌లైన్ మీటర్లు పీహెచ్, సీవోడీ లాంటివి చూడగలవు గానీ మందును చూడలేవు.

ఉమ్మడి శుద్ధి కేంద్రం ఈ లెక్కను మరింత చిక్కులో పెడుతుంది. ఒక బహుళజాతి కంపెనీ తన సరఫరాదారును ఎంత గట్టిగా అడిగినా, ఆ ట్యాంకరు నీళ్లు పదుల ట్యాంకర్ల నీళ్లతో కలిసిపోయాక ఎవరి మందు ఎంత అన్నది చెప్పలేం. పటాన్‌చెరు కేంద్రం నీళ్లు వాగులో పడకుండా తర్వాత 18 కిలోమీటర్ల పైపు వేసి, నగర మురుగుతో కలిపి అంబర్‌పేట మురుగు శుద్ధి కేంద్రానికి మళ్లించారు. ఇసుకవాగు, నక్కవాగు, మంజీర మీదుగా గోదావరికి పోయే నీళ్లు ఇప్పుడు మూసీ మీదుగా కృష్ణకు పోతున్నాయన్నమాట. వాగు పక్క ఊళ్లకు దీనితో కొంత ఊరట దక్కి ఉండొచ్చు. కానీ మందు అవశేషాలను లక్షలమంది మలంలోని బాక్టీరియాతో ఒకే తొట్టిలో కలపడం, నిరోధకత కోణం నుంచి చూస్తే, శాస్త్రవేత్తలు వద్దని చెప్పే పని. నీళ్లను బయటికే వదలకుండా ఆవిరి చేసి లవణాన్ని వేరుచేసే పద్ధతిని చాలా ప్లాంట్లు పెట్టుకున్నాయి. సరిగా నడిస్తే మంచిదే. అయితే దానికి ఆవిరి కావాలి, ఆవిరికి బొగ్గో కరెంటో కావాలి, మిగిలిన లవణాన్ని దుండిగల్ లాంటి ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి డబ్బు కట్టి పంపాలి. కిలోకు నాలుగు రూపాయలు తగ్గించమని ఒత్తిడి పెట్టే కొనుగోలుదారుడు, ఆ ఖర్చు ఎక్కడి నుంచి వస్తుందో చెప్పాలి కదా.

పారదర్శకత మాటకు వస్తే, యాక్సెస్ టు మెడిసిన్ ఫౌండేషన్ 2018లో వేసిన మొదటి ఏఎంఆర్ బెంచ్‌మార్క్‌లో కొన్ని కంపెనీలు హద్దులు పెట్టుకున్నట్టు కనిపించింది గానీ, తాము నిజంగా వదులుతున్న మోతాదును ప్రచురించిన కంపెనీ ఒక్కటీ లేదు. ధ్రువపత్రాలు వచ్చాక పరిస్థితి కొంత మెరుగైంది. అయినా ధ్రువపత్రం చెప్పేది పాసయ్యారని మాత్రమే, మార్కులు చెప్పదు. వాగు పక్కన ఉన్నవాళ్లకు కావలసింది మార్కులు.

అడిగి కొన్నవాళ్లు

నార్వే ఆసుపత్రులకు మందులు కొనిపెట్టే ప్రభుత్వ సంస్థ 2019లో యాంటీబయాటిక్ టెండరు పిలిచినప్పుడు పర్యావరణానికి 30 శాతం మార్కులు కేటాయించింది. ధర ఒక్కటే చూసే టెండర్ల ప్రపంచంలో ఇది పెద్ద అడుగు. పేరున్న కంపెనీ ఎంత మంచి విధానం రాసుకున్నా, దాని మందు కొనే ఆసుపత్రి అత్యంత చవకదాన్నే ఎంచుకుంటే ఆ విధానానికి తిండి ఉండదు. నార్వే ఆ తిండి పెట్టింది. దేశం చిన్నది, కొనుగోలు తక్కువ. ఆ టెండరు వల్ల ఏ వాగులో ఎంత మందు తగ్గిందో కొలిచిన ఆధారమేదీ నా కంట పడలేదు. కాబట్టి దీన్ని విజయగాథగా చెప్పను, దారి చూపిన ఉదాహరణగా చెబుతాను.

చైనా ఉదాహరణ ఇంకో వైపు నుంచి వెలుగు వేస్తుంది. మా జున్ 2006లో బీజింగ్‌లో స్థాపించిన సంస్థ, ప్రభుత్వ కాలుష్య నియంత్రణ రికార్డులన్నీ పోగు చేసి, ఏ ఫ్యాక్టరీ ఎప్పుడు నిబంధన దాటిందో అందరికీ కనిపించే మ్యాపు తయారుచేసింది. దాంతో విదేశీ బ్రాండ్లు తమకు తెలియదని చెప్పే వీలు తగ్గింది. ఆపిల్ సరఫరాదారుల మీద ఆ సంస్థ 2011లో నివేదికలు ఇచ్చింది. 2012 జనవరిలో ఆపిల్ తన ప్రధాన సరఫరాదారుల జాబితాను మొదటిసారి బయటపెట్టింది. ఒకదాని వల్లే రెండోది జరిగిందని అనలేను, కార్మికుల పరిస్థితుల మీద వచ్చిన ఒత్తిడి కూడా అప్పుడు బలంగా ఉంది. కానీ ప్రభుత్వ సమాచారం బయటుంటే కొనేవాడి బాధ్యత ఎంత తప్పించుకోలేనిదవుతుందో అక్కడ తెలిసింది.

మన దగ్గర ఆ తలుపు ఒకసారి తెరుచుకోబోయి మూసుకుంది. కేంద్ర పర్యావరణ శాఖ 2020 జనవరిలో విడుదల చేసిన ముసాయిదాలో 121 యాంటీబయాటిక్‌లకు వ్యర్థ జలాల్లో హద్దులున్నాయి. అది అమల్లోకి వచ్చి ఉంటే ప్రపంచంలోనే మొదటిసారి ఒక పెద్ద ఉత్పత్తి దేశం చట్టంతో అడిగినట్టయ్యేది. 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి ఆ హద్దులు అందులో లేవు. హద్దులు మరీ కఠినమని, కొలిచే సదుపాయాలు లేవని పరిశ్రమ వాదించింది. ఆ వాదనలో కొంత నిజముంది. అయితే చిన్న కంపెనీలు మోయలేవన్న ఆ బరువును బహుళజాతి కంపెనీలు పంచుకుని ఉండాల్సింది. తమ సంఘం 2018లోనే ప్రచురించిన హద్దులను తమకు సరుకు చేసిపెట్టే దేశం చట్టం చేయబోతుంటే, బహిరంగంగా వెనక నిలబడి పోట్లాడాల్సింది. అలా నిలబడ్డ గొంతు నాకు వినిపించలేదు. వాళ్ల పాత్రలో నాకు అన్నిటికంటే పెద్ద లోటుగా కనిపించేది ఇదే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 సెప్టెంబరులో ఈ విషయం మీద తన మొదటి మార్గదర్శకాలు ఇచ్చింది. అసలు మందు తయారీ నుంచి మాత్ర ప్యాకింగ్ దాకా అన్ని దశలూ అందులోకి వస్తాయి. బయటివాళ్ల ఆడిట్, ప్రజలకు సమాచారం అందులో భాగం. ఒక్కసారిగా కాక దశలవారీగా అమలు చేయొచ్చని కూడా చెప్పింది. మన పరిశ్రమ 2021లో చెప్పిన అభ్యంతరానికి అది సూటిగా జవాబు. ఐరోపా సమాఖ్య అదే ఏడాది మురుగునీటి శుద్ధి చట్టాన్ని సవరించి, ఐరోపా నగరాల మురుగులోని మందుల అవశేషాలను తీసేయడానికయ్యే అదనపు ఖర్చులో కనీసం 80 శాతం మందుల, సౌందర్య సాధనాల కంపెనీలే భరించాలని రాసుకుంది. అక్కడి మనిషి మందు వేసుకున్నాక పోసే మూత్రానికి కంపెనీ డబ్బు కట్టాలి. ఆ మందు తయారైన చోట పారిన నీళ్లకు ఆ చట్టంలో చోటు లేదు.

తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు కూడా పెద్ద కొనుగోలుదారులే. ప్రభుత్వ ఆసుపత్రులకు మందులు కొనే సంస్థలు రెండు చోట్లా ఉన్నాయి. తక్కువ ధర చెప్పినవాడికే టెండరు అన్న పద్ధతిలో చిన్న మార్పు చేసి, వ్యర్థ జలాల్లో మందు కొలత ఇచ్చిన ప్లాంటుకు కొన్ని మార్కులు కలిపితే ఏమవుతుందో ఒక్క మందుతో, ఒక్క ఏడాది ప్రయత్నించి చూడొచ్చు. ముందు కొలిచి, తర్వాత కొలిచి, తేడా ప్రచురిస్తే, నార్వే విషయంలో మనకు దొరకని ఆధారం ఇక్కడ దొరుకుతుంది.

కొనేవాళ్లు తమకు ఎక్కడి నుంచి వస్తోందో తెలియదని చెప్పే రోజులు మన దేశంలోనైతే దాదాపు పోయాయి. 2023 జనవరి 1 నుంచి మన దేశంలో బల్క్ డ్రగ్ ప్యాకు మీద క్యూఆర్ కోడ్ తప్పనిసరి. స్కాన్ చేస్తే మందు పేరు, బ్యాచ్ నంబరు, తయారైన తేదీ, తయారీదారు పేరు, చిరునామా వస్తాయి. నకిలీలను పట్టుకోవడానికి పెట్టిన ఏర్పాటు ఇది. ఏ వాగు పక్క తయారైందో మాత్ర ఒత్తే కంపెనీకి ఆ మందు వచ్చిన డ్రమ్ము దగ్గరే తెలిసిపోతుంది. అదే ఏడాది ఆగస్టు నుంచి 300 ప్రముఖ బ్రాండ్ల మందులకూ కోడ్ వచ్చింది. ఇంట్లో స్ట్రిప్పు తీసి దాన్ని స్కాన్ చేస్తే మాత్ర తయారుచేసిన కంపెనీ చిరునామా కనిపిస్తుంది. లోపలి మందు ఎక్కడ తయారైందో చెప్పే చిరునామా మాత్రం డ్రమ్ముతోనే ఆగిపోతుంది.